మంద కుక్కలకు ఒళ్లే భారం
గొర్రెల మంద వెంట తిరిగే కుక్క ఎంత భారీగా ఉంటే అంత మేలన్న నమ్మకం మా గజపతినగరం ప్రాంతంలో ఆ మూగజీవాలను కుంటివాటిని చేస్తోంది. కాపరులు పట్నం నుంచి పెద్దజాతి సంకర పిల్లలను తెచ్చుకుంటున్నారు. మేమూ తెచ్చాం, పెరిగి 40 కిలోలు దాటింది. మే నెలలో 26వ నంబరు జాతీయ రహదారి వెంట రామభద్రపురం వైపు మందను తోలుకెళితే రెండో రోజుకే ముందుకాలు నేల మోపలేకపోయింది, అరికాళ్ల మెత్తలు ఊడి నెత్తురు కారింది. దాన్ని భుజాన మోసుకుంటూ ఏడ్చినంత పని చేశాను. దాని బరువులో సగం కూడా లేని మా నాటు కుక్క దారంతా పరుగెత్తి, రాత్రి మందకు కాపలా కూడా కాసింది. ఒళ్లు పెరిగినంతగా పాదం పెరగదు. అడుగడుగునా కీళ్ల మీద భారం పడుతుంది, ఒంటి వేడి త్వరగా దిగదు. అలాస్కాలో 1973 నుంచి జరుగుతున్న, దాదాపు 1,600 కిలోమీటర్ల ఇడిటరాడ్ స్లెడ్జి (మంచు మీద కుక్కలు లాగే బండి) పందెంలో పరుగెత్తేవి కూడా ఎక్కువగా 20, 25 కిలోల కుక్కలే. మంచు మీద పరుగుకే వాటి పాదాలకు తొడుగులు వేస్తారు, మజిలీల్లో పశువైద్యులు పరీక్షిస్తారు. మన తారురోడ్డు మీద కాలే పాదాలను అడిగే నాథుడు లేడు. పశుసంవర్ధక శాఖ సిబ్బంది గొర్రెలకు నట్టల మందు తాగించడానికి వచ్చినప్పుడు, జులై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధుల) దినం నాడు రేబిస్ టీకాలు వేసినప్పుడు మంద కుక్కల కాళ్లు, కీళ్లు కూడా చూడాలి. గట్టి నాటు కుక్కల పిల్లలను ఎంచి కాపరులకు ఇప్పించాలి. ఎండ ముదిరిన వేళ మందలు ఆగేందుకు రహదారి పక్క పంచాయతీలు నీడ, నీటి తొట్లు ఏర్పాటు చేయాలి.
– ఒక గొర్రెల పెంపకందారు, గజపతినగరం, విజయనగరం జిల్లా