ముక్తినాథ్‌లో మనం వదిలి వస్తున్నది

సంపాదకులు గారికి,

నమస్కారం. మొన్న ఏప్రిల్‌లో కాకినాడ నుంచి నలభై మందిమి నేపాల్ యాత్రకు వెళ్లాం. పశుపతినాథ్, మనకామన, పోఖరా చూసుకుని అక్కడి నుంచి ముక్తినాథ్ చేరాం. నూటెనిమిది దివ్యదేశాల్లో సాలగ్రామ క్షేత్రం అదే కాబట్టి మా అందరికీ అదే అసలు గమ్యం. 3,700 మీటర్లకు పైన, ఊపిరి అందీ అందని ఎత్తులో, గుడి వెనకున్న నూటెనిమిది నీటి ధారల కింద తల తడుపుకుంటూ నడిచినప్పుడు కలిగిన ఆనందం ఇప్పటికీ నాతోనే ఉంది. దర్శనం చాలా బాగా జరిగింది. ఈ ఉత్తరం రాస్తున్నది దర్శనం గురించి కాదు, మేం తిరిగి బస్సెక్కేటప్పుడు అక్కడ వదిలేసి వచ్చిన వాటి గురించి.

మన దగ్గర యాత్రల ప్రకటనలు చూడండి. "తెలుగువారి భోజనం, టిఫిన్లు" అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉంటుంది. నేనూ ఆ మాట చూసే డబ్బు కట్టాను. మా టూర్ నడిపినాయన బియ్యం, కందిపప్పు, నూనె డబ్బాలు, గ్యాస్ పొయ్యిలు, ఇద్దరు వంటవాళ్లతో సహా అన్నీ బస్సుకెత్తించాడు. గుడి కింద ఉండే రాణిపౌవా ఊళ్లో, లాడ్జి వెనక ఖాళీ స్థలంలో పొయ్యి వెలిగించారు. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం సాంబారన్నం, రాత్రికి మళ్లీ అదే వరస. ఆ ఊళ్లో ఉన్న మూడు రోజుల్లో నలభై మందిలో ఒక్కరం కూడా ఆ ఊరివాళ్లు వండిన ముద్ద తినలేదు. నీళ్లు మాత్రం సీసాలు కొన్నాం. మనిషికి రోజుకు మూడు చొప్పున లెక్కేసుకున్నా 360 సీసాలు.

బయల్దేరే రోజు తెల్లవారుజామున లాడ్జి నడిపే దీదీ (అక్కడ అక్కను అలాగే పిలుస్తారు) గోనెసంచి పట్టుకుని మా వాళ్లు పడేసిన సీసాలు, కాగితం కప్పులు, థర్మాకోల్ ప్లేట్లు ఏరుతోంది. చూస్తూ నిలబడలేక నేనూ వంగి కొన్ని ఏరాను. "ఇవన్నీ ఏం చేస్తారమ్మా?" అని వచ్చీరాని హిందీలో అడిగాను. ఆమె ఏమీ అనలేదు. పెరటి వెనక ఉన్న గుంట చూపించింది. గాలి లేని పూట చూసి అందులో వేసి కాలుస్తారట. సగం కాలి ముద్దలు కట్టిన సీసాల మధ్య ఒక పచ్చడి ప్యాకెట్ కనిపించింది. అంచులు మాడాయి గానీ మీద తెలుగు అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి. అది మా బృందానిది కాదు, అంతకుముందు వచ్చిన మనవాళ్లెవరిదో. సిగ్గుతో కాసేపు ఆమె ముఖంలోకి చూడలేకపోయాను.

ఆ లోయ సంగతి తెలిస్తే ఇది ఎంత కష్టమో అర్థమవుతుంది. ఒక పక్క అన్నపూర్ణ, ఇంకో పక్క ధవళగిరి, రెండూ ఎనిమిది వేల మీటర్లు దాటినవే. ఆ రెంటి మధ్య సందులో కాళీ గండకి పారుతుంది. పొద్దెక్కిందంటే చాలు, కింద నుంచి గాలి మొదలై మనిషిని తోసేస్తుంది. ఆ లోయలో విమానాశ్రయం ఉన్న జొమ్‌సోమ్‌కు విమానాలు పొద్దున పూటే తిరగడానికి కారణం కూడా ఆ గాలే. ఆ నది ఒడ్డునున్న కాగ్‌బేని ఊళ్లో మేం పిండప్రదానాలు చేస్తుండగా ఎవరో పక్కన పెట్టిన ప్లాస్టిక్ కవరు చూస్తుండగానే లేచి నది అవతలి గట్టుకు పోయి ముళ్లపొదకు చిక్కుకుంది. అక్కడ ఏడాదికి 300 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. ఎగిరిన కవరు ఏళ్ల తరబడి ఆ పొదను పట్టుకునే ఉంటుంది, లేదా నదిలో పడుతుంది. ఆ నదే కిందికొచ్చి నారాయణి అవుతుంది, మన దేశంలో గండక్ అవుతుంది, గజేంద్రమోక్షం జరిగిందని పెద్దలు చెప్పే సోన్‌పుర్ హరిహర క్షేత్రం దగ్గర గంగలో కలుస్తుంది. సాలగ్రామం పుట్టే నది అని కళ్లకద్దుకున్న నీళ్లలోకే మనం కవర్లు, షాంపూ ప్యాకెట్లు వదులుతున్నాం.

టూర్ వాళ్లను మాత్రమే అనడం న్యాయం కాదు. మాలో సగం మంది అరవై దాటినవాళ్లం. షుగరు, బీపీ ఉన్నవాళ్లు కొత్త తిండికి భయపడతారు. ఆ భయం నాకూ తెలుసు. కానీ ఆ ప్రాంతపు థకాలీ భోజనం అంటే ఏమిటో మాకెవరూ చెప్పలేదు. అన్నం, పప్పు, ఆకుకూర, బంగాళదుంప కూర, పచ్చడి. పప్పులో జింబు అనే కొండ ఆకును నేతిలో వేయించి తిరగమోత పెడతారు. వచ్చేటప్పుడు దారిలో మార్ఫా దగ్గర బస్సు ఆగితే, ఆ వాసనకు ఆగలేక మేం ముగ్గురం ఆడవాళ్లం లోపలికెళ్లి తిన్నాం. అన్నం, పప్పు మళ్లీ మళ్లీ వడ్డించారు. ఎవరికీ కడుపులో ఏమీ కాలేదు. మేమిచ్చిన డబ్బు మా కళ్లముందే ఆ ఇంటావిడ గల్లాపెట్టెలోకి వెళ్లింది. మిగతా యాత్రంతా మేం కట్టిన డబ్బులో ఆ లోయకు దక్కింది గది అద్దె ఒక్కటే.

రాణిపౌవా నుంచి గుడికి ఎక్కే దారిలో ఆడవాళ్లు మగ్గాలు పెట్టుకుని మఫ్లర్లు నేస్తుంటారు. చలికి వేళ్లు పగిలి ఉంటాయి. మా వాళ్లు అక్కడ ఆగి రెండు వందల నేపాలీ రూపాయలు తగ్గించమని పావుగంట బేరం ఆడారు. రెండు వందలంటే మన 125 రూపాయలు. అన్నవరం కొండ కింద మన చేనేతవాళ్లు కూర్చుని ఉంటే ఇలాగే అడుగుతామా అనిపించింది.

ఇంకో విషయం రాయకుండా ఉండలేను. ముప్పై ఏళ్లు బడిలో పనిచేసినదాన్ని. బస్సు ఊళ్లో నెమ్మదించగానే మా వాళ్లు కిటికీల్లోంచి చాక్లెట్లు, పెన్నులు విసిరారు. పిల్లలు పరిగెత్తుకొచ్చి ఒకళ్లమీద ఒకళ్లు పడి ఏరుకున్నారు. విసిరినవాళ్లది మంచి మనసే, కాదనను. అయినా రోజూ బస్సులు వస్తుంటే, చేయి చాచితే ఏదో ఒకటి పడుతుందని ఆ పిల్లలకు అలవాటు చేసేది మనమే. బడి మానేసి రోడ్డు మీద నిలబడితే తప్పెవరిది? ఏమైనా ఇవ్వాలనుకుంటే ఆ ఊరి బడికి వెళ్లి హెడ్‌మాస్టారితో మాట్లాడి, వాళ్లకు ఏది కావాలో అడిగి అదే ఇవ్వాలి. చాక్లెట్ల రంగు కాగితాలు ఆ గాలికి ఎటు పోయాయో చెప్పనక్కర్లేదు.

నిజానికి అక్కడివాళ్లు మనకంటే ముందే ఆలోచించారు. ముక్తినాథ్ కూడా ఉన్న అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతం 1986లో మొదలైంది. ఆ దారిలో ఓజోన్‌తో శుద్ధి చేసిన తాగునీటి కేంద్రాలు పెట్టి, వాటిని నడిపే పని ఊరి మహిళా సంఘాలకు అప్పగించారు. మన సీసా మనం తీసుకెళ్లి డబ్బిచ్చి నింపుకుంటే ప్లాస్టిక్ తగ్గుతుంది, ఆ సంఘానికి ఆదాయమూ వస్తుంది. లాడ్జీల్లో కూడా కాచిన నీళ్లు అమ్ముతారు. ఇవేవీ మాకు తెలియవు. ఆ ప్రాంతంలో అడుగుపెట్టాలంటే సార్క్ దేశాలవాళ్లు కట్టాల్సిన 1,000 నేపాలీ రూపాయల గురించి మాత్రం బస్సులో అరగంట సణుగుడు నడిచింది. మన డబ్బులో అది 625 రూపాయలు. అడవులు, కాలిబాటలు, నీళ్ల ఏర్పాట్లు చూసుకోవడానికి పెట్టిన రుసుం అది. దేవుడికి దక్షిణ ఎంత ఇష్టంగా వేస్తామో, ఇదీ అంత ఇష్టంగా కట్టాలి.

ఎవరెస్ట్ ఎక్కేవాళ్లు ఒక్కొక్కరు ఎనిమిది కిలోల చెత్త కిందికి తేవాలని నేపాల్ ప్రభుత్వం 2014లో నిబంధన పెట్టింది. ఆ దారిలోని నామ్చే ఊరి నుంచి విమానాశ్రయం ఉన్న లుక్లాకు దిగే ట్రెక్కర్లు తలా ఒక కిలో చెత్త సంచి మోసుకొచ్చే ఏర్పాటు కూడా అక్కడ ఉంది. వాళ్లు వీపు మీద మోస్తున్నారు. మనకు బస్సుంది. తెచ్చిన బియ్యం, పప్పు అయిపోయి డిక్కీ సగం ఖాళీగా దిగుతుంది. అందులో నాలుగు సంచులు వేసుకుని పోఖరా దాకానో గోరఖ్‌పుర్ దాకానో తేవడం ఏమంత కష్టం?

దసరా తర్వాత మా వీధివాళ్లు ఇరవై ఆరుగురు ఇదే యాత్రకు వెళ్తున్నారు. నేను మళ్లీ వెళ్లకపోయినా టూర్ ఆయనతో మాట్లాడాను. కొండల్లో ఉన్నన్ని రోజులు రోజుకొక పూట అక్కడి భోజనం, అందరికీ స్టీలు సీసాలు, థర్మాకోల్ బదులు ఎవరి కంచం వాళ్లదే, చెత్త తిరిగి బస్సులోనే. మనిషికి ఆరేడు వందలు ఎక్కువవుతుందన్నాడు. వీధిలో ఇంటింటికీ వెళ్లి అడిగాను, ఒక్కరూ కాదనలేదు. అడిగేవాళ్లు లేకే ఇన్నాళ్లూ ఇలా జరిగిందని నాకు అర్థమైంది. మీ భక్తి పేజీలో ముక్తినాథ్ యాత్ర వివరాలు వేసినప్పుడల్లా రైళ్లు, గదులు, దర్శనం వేళలతో పాటు నీళ్లు ఎలా నింపుకోవాలో, చెత్త ఎలా వెనక్కి తేవాలో కూడా నాలుగు లైన్లు వేయమని మనవి.

భవదీయురాలు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
కాకినాడ