ఎంపీటీ ప్రవేశాలకు ఒకే పరీక్ష ఎప్పుడు? కేంద్ర ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఫిజియోథెరపీలో పీజీ, అంటే ఎంపీటీ చదువుతున్న విద్యార్థినిగా ఈ లేఖ రాస్తున్నాను. నాతో చదువుతున్నవారు, నాకన్నా ముందు చదివి వెళ్లినవారు, సీటు కోసం ఇంకా ఎదురుచూస్తున్నవారు ఇదే విషయంపై సంబంధిత కార్యాలయాలకు పలుమార్లు వినతిపత్రాలు పంపారు. అందినట్లు రసీదులు వచ్చాయి గానీ సమాధానం రాలేదు. విడివిడిగా పంపిన ఆ కాగితాలు మీ బల్ల దాకా రాలేదేమోనన్న ఆశతోనే ఇప్పుడు నలుగురి ఎదుట మీకు రాస్తున్నాను. దయచేసి చివరిదాకా చదవండి.

ఫిజియోథెరపీ వంటి ఆరోగ్య వృత్తుల కోసం 2021 మార్చిలో పార్లమెంటు ఆమోదించిన నేషనల్ కమిషన్ ఫర్ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం మీరు ఎరుగనిది కాదు. అందులోని ఒక్క మాటనే గుర్తుచేస్తాను. డిప్లొమా, డిగ్రీ, పీజీ, డాక్టరేట్ స్థాయుల్లో ప్రవేశాలకు ఒకే తీరు ప్రవేశ పరీక్ష, ఉమ్మడి కౌన్సెలింగ్ ఉండేలా చూడటం కమిషన్ విధుల్లో ఒకటని ఆ చట్టమే చెప్పింది. ఆ ఏడాది మే 25న అది అమల్లోకి వచ్చినప్పుడు మేము బీపీటీలో, అంటే ఫిజియోథెరపీ డిగ్రీలో ఉన్నాం. మా సీనియర్లు ఎంపీటీ సీటు కోసం ఊరూరా తిరిగిన అవస్థ మా వంతు వచ్చేసరికి ఉండదని మా అధ్యాపకులు చెప్పారు, మేమూ నమ్మాం. మా వంతు వచ్చేసరికి ఏమీ మారలేదు.

ఆ అవస్థ ఎలాంటిదో కొంచెం వివరంగా చెప్పనివ్వండి. మా బీపీటీ నాలుగేళ్ల చదువు, ఆపైన ఆరు నెలల ఇంటర్న్‌షిప్. ఇంటర్న్‌షిప్ చివరికి వస్తుండగానే నోటిఫికేషన్ల కోసం వెతుకులాట మొదలవుతుంది. ఒక రాష్ట్రపు ఆరోగ్య విశ్వవిద్యాలయం ఒక నెలలో నోటిఫికేషన్ ఇస్తే, పొరుగు రాష్ట్రానిది నెలల తరవాత వస్తుంది. కేంద్ర సంస్థల పరీక్ష వేరు. డీమ్డ్ విశ్వవిద్యాలయాల సంగతి చెప్పనే అక్కరలేదు, ఎవరి దరఖాస్తు వారిది, ఎవరి పరీక్ష వారిది, ఎవరి రుసుము వారిది. సీటు రాకపోయినా, పరీక్షకు వెళ్లలేకపోయినా ఆ రుసుము తిరిగి రాదు. ఒకే ఆదివారం రెండు దూరపు నగరాల్లో రెండు పరీక్షలు పడితే, ఏది వదులుకోవాలో తేల్చుకోవలసింది విద్యార్థే.

పరీక్షల తీరు కూడా ఒకటిగా ఉండదు. ఒకచోట అనాటమీ, ఫిజియాలజీ, బయోమెకానిక్స్ నుంచే ఎక్కువ ప్రశ్నలు ఇస్తారు. మరోచోట ఎలక్ట్రోథెరపీకి, ఎక్సర్‌సైజ్ థెరపీకి వెయిటేజీ ఎక్కువ. ఇంకోచోట పరీక్షే ఉండదు, బీపీటీ మార్కులనే కొలబద్దగా పెట్టుకుంటారు. ఈ చివరి పద్ధతి పైకి సులువుగా కనిపించినా అన్యాయమంతా అందులోనే ఉంది. ప్రాక్టికల్స్‌లో ఉదారంగా మార్కులు వేసే విశ్వవిద్యాలయం ఒకటి, వైవాలో (మౌఖిక పరీక్షలో) రోగిని చూపించి ప్రతి కండరం బలం ఏ గ్రేడో ఆరా తీసే విశ్వవిద్యాలయం ఒకటి. ఈ రెండింటిలో చదివినవారి శాతాలను పక్కపక్కన పెట్టి ఎవరు మెరుగో ఎలా తేలుస్తారు? కష్టపడి నేర్పిన కాలేజీలో చదివినందుకే వెనకబడినవాళ్లను నేను చూశాను.

ఇక తేదీల సంగతి. ఫలానా తేదీ లోపు ఇంటర్న్‌షిప్ పూర్తయి ఉండాలని నోటిఫికేషన్‌లో ఒక నిబంధన ఉంటుంది. ఆ తేదీ ఒక్కో విశ్వవిద్యాలయానికి ఒక్కోటి. మూడో ఏడాదిలో జబ్బుపడి ఒక పరీక్షను సప్లిమెంటరీలో రాసిన నా సహాధ్యాయి ఒకరికి ఇంటర్న్‌షిప్ కొద్ది రోజులు ఆలస్యంగా ముగిసింది. ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకు వచ్చినా, ఆ కొద్ది రోజుల కోసం అర్హత లేదన్నారు. తరగతులు మాత్రం ఆ తేదీ తరవాత చాలా వారాలకు గానీ మొదలు కాలేదు. ఇంటర్న్‌షిప్ ముగిసి చేతులు కట్టుకుని కూర్చున్న ఆ వారాలన్నీ అతను చదువుకోవడానికి సిద్ధంగానే ఉన్నాడు. సంవత్సరం పోయింది. మరుసటి ఏడాది ఇంటి పరిస్థితులు కుదరక అతను దరఖాస్తే చేయలేదు.

సర్టిఫికెట్ల దగ్గర మరో ఇబ్బంది. మొదట పిలిచిన కాలేజీలో చేరితే టీసీ, మైగ్రేషన్, మార్కుల జాబితాల ఒరిజినల్స్ అన్నీ అక్కడే తీసుకుంటారు. ఇంకా మంచి సీటుకు మరో విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్ పెట్టేనాటికి చూపించడానికి మా దగ్గర జిరాక్సులే మిగులుతాయి. ఒరిజినల్స్ అడిగితే, కట్టిన ఫీజు మీద ఆశ వదులుకోమంటారు. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లను కాలేజీలు అట్టిపెట్టుకోరాదనీ, మానేసినవారికి ఫీజు తిరిగి ఇవ్వాలనీ యూజీసీ 2018 అక్టోబరులోనే నోటిఫికేషన్ ఇచ్చింది. దాని ప్రతిని తీసుకెళ్లి కౌంటర్‌లో చూపించిన అమ్మాయికి, అది మా కోర్సుకు వర్తించదని నోటిమాటగా జవాబు చెప్పి పంపించారు. కాగితం మీద రాసి ఇవ్వమంటే ఇవ్వలేదు. ఉమ్మడి కౌన్సెలింగ్ ఉండి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. ఒకేచోట ర్యాంకు, ఒకేచోట ఆప్షన్లు, ఒకటి వదిలితే మరొకటి దానంతటదే పైకి జరిగేది.

మంత్రి గారూ, ఇది సీటు వచ్చినవారికీ రానివారికీ మధ్య తగాదా మాత్రమే కాదు. ఎంపీటీ అంటే ఒక స్పెషాలిటీని ఎంచుకోవడం. మస్కులోస్కెలిటల్, న్యూరో, కార్డియో రెస్పిరేటరీ, పీడియాట్రిక్స్, స్పోర్ట్స్, కమ్యూనిటీ అని దారులు వేరు. న్యూరో చదవాలని కలలుగన్న విద్యార్థి, ముందు పిలిచిన కాలేజీలో మిగిలిన సీటు స్పోర్ట్స్ అయితే అందులో చేరిపోతున్నాడు, ఎందుకంటే తరవాత పిలుపు వస్తుందో రాదో తెలియదు. న్యూరో చదువు ఎందుకు ముఖ్యమో చూడండి. పక్షవాతం వచ్చిన మనిషిని పడిపోయిన వైపు చేయి పట్టి లాగి లేపితే పట్టు సడలిన భుజం కీలు జారిపోవచ్చు. అది తెలియని బంధువులూ, కొన్నిచోట్ల సిబ్బందీ రోజూ అలాగే లేపుతుంటారు. ఎలా పడుకోబెట్టాలో, ఎప్పుడు కూర్చోబెట్టాలో, బిగుసుకుపోతున్న కండరానికీ బలం లేని కండరానికీ తేడా ఎలా పట్టాలో తెలిసిన మనిషి మొదటి వారాల్లో పక్కన ఉంటే, ఆ రోగి తన అన్నం తాను తినగలిగే అవకాశం పెరుగుతుంది. అలాంటి మనిషిని తయారుచేసే చదువుకు ఎవరు వెళ్లాలన్నది నోటిఫికేషన్ల తేదీలు నిర్ణయించడం ఎంత మాత్రం సబబు కాదు.

చేరాక కూడా ఆ ఆలస్యం మమ్మల్ని వదలదు. కోర్సు రెండేళ్లు. ప్రవేశాలు నెలల తరబడి సాగి తరగతులు ఆలస్యంగా మొదలైనా పరీక్షలు మాత్రం అంతగా వెనక్కి జరగవు. మధ్యలో నలిగిపోయేది థీసిస్. అంశం ఎంచుకుని, సినాప్సిస్ (పరిశోధన ప్రతిపాదన) రాసి, ఎథిక్స్ కమిటీ ముందు నిలబడి, వారు అడిగిన సవరణలు చేసి, క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేసుకున్నాకే మొదటి రోగిని తీసుకోవాలి. అప్పటికి చేతిలో మిగిలే కాలం చూసుకుని మాలో ఎక్కువమంది నాలుగు వారాల చికిత్స, చివర ఒక కొలత అన్న పద్ధతిలో అధ్యయనాన్ని కుదించుకుంటున్నాం. స్ట్రోక్ వచ్చినవారిని ఆరు నెలల తరవాత మళ్లీ పిలిచి నడక ఎలా ఉందో చూడాలని నేను మొదట రాసుకున్న ప్రతిపాదనను, సమయం చాలదని నా గైడ్ సున్నితంగా పక్కన పెట్టించారు. ఆమెను తప్పుపట్టను, ఒక్కరే అంతమంది విద్యార్థులను చూడాల్సి వస్తోంది. కానీ రోగికి కావలసిన సమాధానం ఆరు నెలల తరవాతి సంగతే కదా.

ఉదయం నుంచి ఓపీ, వార్డులు, ఐసీయూ. వెంటిలేటర్ మీద ఉన్నవారికి చెస్ట్ ఫిజియోథెరపీ, సర్జరీ అయినవారిని మంచం దింపి మొదటి అడుగు వేయించడం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల తల్లులకు ఇంట్లో చేయవలసినవి ఓపికగా నేర్పడం, ఇవన్నీ మేము చేస్తాం, ఇష్టంగా చేస్తాం. సాయంత్రం సెమినార్, జర్నల్ క్లబ్. అదే ఐసీయూలో మాతో పాటు నిలబడే ఎండీ, ఎంఎస్ పీజీలకు స్టైపెండ్ ఉంటుంది. మాకు చాలా కాలేజీల్లో రూపాయి కూడా లేదు, పైగా మేమే ఫీజు కడుతున్నాం. వారితో సమానంగా ఇమ్మని నేను అడగడం లేదు. పీజీ చదువుతూ సాయంత్రాలు క్లినిక్‌లో పనిచేస్తే తప్ప హాస్టల్ బిల్లు కట్టలేని స్థితి ఉండకూడదని మాత్రమే అడుగుతున్నాను.

ఇవన్నీ ఎక్కడ చెప్పుకోవాలి? రాష్ట్ర కౌన్సిల్ అనే ఒక చోటు ఉండాలని అదే చట్టం చెప్పింది. చట్టం అమల్లోకి వచ్చిన ఆరు నెలల్లో రాష్ట్రాలు వాటిని ఏర్పాటు చేయాలంది. మూడేళ్లు గడిచాక 2024 ఆగస్టు 12న సుప్రీంకోర్టు ఈ విషయాన్ని పరిశీలించి, 14 రాష్ట్రాలు మాత్రమే కౌన్సిళ్లు ఏర్పాటు చేశాయనీ, అవి కూడా పనిచేయడం లేదనీ గమనించింది. అక్టోబరు 12 లోపు చట్టాన్ని అమలు చేయాలని కేంద్రాన్నీ రాష్ట్రాలనూ ఆదేశించింది. అత్యున్నత న్యాయస్థానం గడువు పెట్టిన తరవాత కూడా ఒక విద్యార్థిని ఇలా బహిరంగంగా రాయవలసి రావడం నాకు బాధగా ఉంది.

మీ శాఖ ఏమీ చేయలేదని నేను అనను. 2025 ఏప్రిల్‌లో వచ్చిన కొత్త కరికులమ్‌ను మేము మనస్ఫూర్తిగా స్వాగతించాం. దేశమంతా ఒకే పాఠ్యప్రణాళిక రావడం చిన్న విషయం కాదు. అందులో బీపీటీ ఐదేళ్లయింది, ఇంటర్న్‌షిప్ ఏడాదికి పెరిగింది. మంచిదే. అయితే ఇంటర్న్‌షిప్ పెరిగినప్పుడు అది ముగిసే తేదీకీ ఎంపీటీ ప్రవేశాల తేదీకీ పొంతన కుదర్చకపోతే, ఇవాళ కొద్ది రోజుల తేడాతో పోతున్న ఏడాది రేపు ఇంకా ఎక్కువమందికి పోతుంది. మరొకటి కూడా చెప్పాలి. 2025 సెప్టెంబరులో మేము పేరుకు ముందు డాక్టర్ అని రాసుకోరాదంటూ ఒక లేఖ వెలువడింది, మరునాడే అది వెనక్కి వెళ్లింది. మా పేరుకు ముందు ఏముండాలన్న చర్చకు అంత త్వరగా స్పందన వచ్చినప్పుడు, మా చదువు ఎప్పుడు మొదలవాలన్న ప్రశ్నకు ఇన్నేళ్లు సమాధానం రాకపోవడాన్ని మేము ఎలా అర్థం చేసుకోవాలి?

చట్టంలో ఉన్న పీజీ ప్రవేశ పరీక్షకు, ఉమ్మడి కౌన్సెలింగ్‌కు ఒక తేదీ చెప్పండి. ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది అని చెప్పినా సిద్ధమవుతాం, కానీ తేదీ చెప్పండి. అది వచ్చేలోపు కనీసం దేశమంతటికీ ఒకే ప్రవేశాల క్యాలెండర్‌ను, ఇంటర్న్‌షిప్ పూర్తికి ఒకే ఆఖరి తేదీని ప్రకటించేలా విశ్వవిద్యాలయాలకు ఆదేశాలు ఇప్పించండి. సర్టిఫికెట్లు, ఫీజు వాపసుపై ఉన్న నిబంధనలు మా కోర్సుకూ వర్తిస్తాయని రాతపూర్వకంగా స్పష్టం చేయించండి. స్టైపెండ్ విషయం, గైడ్ల కొరత విషయం రాష్ట్రాలతో మాట్లాడండి. కౌన్సిళ్లు పనిచేసేలా చూడండి.

ఎంపీటీ ప్రవేశాల తదుపరి నోటిఫికేషన్లు వెలువడకముందే ఈ లేఖకు మీ శాఖ నుంచి రాతపూర్వక సమాధానం ఇప్పించవలసిందిగా, పరీక్ష తేదీ గురించి అందులో ఒక్క వాక్యమైనా ఉండేలా చూడవలసిందిగా వినయంగా కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక ఎంపీటీ విద్యార్థిని