పాత క్లస్టర్ తీసేటప్పుడు తొందర తగదు

సంపాదకులకు నమస్కారం.

సర్వర్లను నడిపే విండోస్ సర్వర్ 2016 సాఫ్ట్‌వేర్‌కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2027 జనవరి 12తో ముగుస్తున్నందున, దాని మీద ఏళ్ల తరబడి నడుస్తున్న ఫెయిలోవర్ క్లస్టర్లను (ఒకదానికొకటి అండగా ఉండే సర్వర్ల జట్లను) ఎన్నో కార్యాలయాలు తీసేయవలసి వస్తుంది. కొత్త సర్వర్లకు కొబ్బరికాయ కొట్టే అధికారులు పాతవి విప్పే పనిని మాత్రం పాత సామాన్లు కొనేవారికి వదిలేయడం చూస్తూ ఈ లేఖ రాస్తున్నాను.

ఒక సర్వర్ ఆగిపోతే దాని పనిని రెండోది అందుకోవడమే క్లస్టర్ గుణం. తీసేసేటప్పుడు మనల్ని మోసం చేసేదీ అదే. నేను పనిచేసిన ఒక సంస్థలో రెండు సర్వర్లలో ఒకదాన్ని ఆపి, రెండు రోజులు ఎవరూ ఫోన్ చేయకపోవడంతో ఆ క్లస్టర్‌ను ఎవరూ వాడటం లేదని తేల్చేసి, రెండోదాన్నీ ఆపి, స్టోరేజీలోని డిస్కులు చెరిపేశారు. జీతాల బిల్లుల ఫోల్డర్ అందులోనే ఉందని నెలాఖరున గాని తెలియలేదు. బ్యాకప్ ఉంది, కానీ దాన్ని అంతవరకూ ఎవరూ రీస్టోర్ చేసి చూడలేదు!

కనీసం ఒక నెలాఖరు దాటేవరకు ఏ ఫైళ్లను ఎవరు తెరుస్తున్నారో గమనించి, బ్యాకప్‌ను వేరేచోట రీస్టోర్ చేసి చూశాక, సర్వీసులను తొలగించకుండా ఆఫ్‌లైన్‌లో మాత్రమే మరో నెల ఉంచాలి. ఎవరైనా అడిగితే నిమిషంలో తిరిగి ఆన్ చేయవచ్చు. ఈలోగా విట్‌నెస్ డిస్కును, అంటే క్లస్టర్ నడవాలా వద్దా అని తేల్చడంలో సర్వర్లతో పాటు ఓటు వేసే డిస్కును, ముట్టుకోకూడదు. అది లేని రెండు సర్వర్ల క్లస్టర్‌లో ఒకటి హఠాత్తుగా పడిపోతే, కోరం లేని పంచాయతీ సమావేశంలా రెండోది కూడా పని మానేయవచ్చు. ఆ నెల గడిచాకే క్లస్టర్‌ను కమాండ్ ద్వారా పద్ధతిగా రద్దు చేసి, యాక్టివ్ డైరెక్టరీలోనూ (నెట్‌వర్క్‌లోని ఖాతాల, కంప్యూటర్ల జాబితా) డీఎన్ఎస్‌లోనూ (కంప్యూటర్ పేరుకు చిరునామా చెప్పే జాబితా) దాని పేరు తొలగించాలి. ఊరికే ప్లగ్గు పీకేస్తే డిస్కుల మీద పాత రిజర్వేషన్ (ఈ డిస్కు మాదేనని పాత సర్వర్లు పెట్టిన గుర్తు) మిగిలిపోయి, కొత్త సర్వర్‌ను రాయనివ్వకపోవచ్చు.

ఇక డిస్కును పైపైన తుడిచే క్విక్ ఫార్మాట్‌తో డేటా చెరిగిపోదు. అమెరికాలో మోర్గాన్ స్టాన్లీ అనే ఆర్థిక సంస్థ పాత పరికరాలను వదిలించుకునే పనిని అనుభవం లేని ఒక రవాణా సంస్థకు అప్పగించగా, కొన్ని పరికరాలు ఖాతాదారుల వివరాలతో సహా ఆన్‌లైన్ వేలానికి చేరాయి. 2022 సెప్టెంబరులో అక్కడి నియంత్రణ సంస్థ 3.5 కోట్ల డాలర్ల జరిమానా విధించింది. మన కార్యాలయాలు కనీసం ప్రతి డిస్కు సీరియల్ నంబరు ఎదుట, దాన్ని చెరిపిన ఉద్యోగి సంతకం తీసుకున్నాకే గేటు దాటనివ్వాలని కోరుతున్నాను.

– ఒక సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్, విజయవాడ