విమానం సంగతి తర్వాత, దొనకొండ రన్‌వే సంగతి తేల్చండి

సంపాదకులకు నమస్కారం.

రాష్ట్రంలో కొత్త విమానాశ్రయాల మాట వచ్చినప్పుడల్లా ప్రకాశం జిల్లాలోని మా దొనకొండ పేరు పేపర్లో ఒకసారి కనిపిస్తుంది. నాలుగు రోజులు పోతే ఆ ఊసే ఉండదు. రెండో ప్రపంచ యుద్ధం నాడు బ్రిటిష్ వాళ్లు వేసిన ఎయిర్‌స్ట్రిప్ ఇది. యుద్ధం ముగిశాక దాని అవసరం తీరిపోయింది. స్వాతంత్ర్యం వచ్చింది, శాఖలు మారాయి, చివరికి కేంద్రం చేతిలోని ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆస్తుల్లో వాడకంలో లేని విమానాశ్రయాల వరసలో చేరింది.

అక్కడికెళ్లి చూస్తే కనిపించేది కంకర తేలిన నేల, పగుళ్లలోంచి మొలిచిన చిల్లచెట్లు, వాటి నీడన గేదెలు. సాయంత్రమైతే పిల్లల క్రికెట్. కొత్తగా బండి నేర్చుకునేవాళ్లకు ఎదురొచ్చే లారీ భయం లేదు. కంది, మిర్చి ఆరబోసుకోవాలంటే ఇంత విశాలమైన కళ్లం చుట్టుపక్కల ఇంకెక్కడా దొరకదు. ఊరివాళ్లు ఇలా వాడుకుంటున్నందుకు నాకే అభ్యంతరమూ లేదు. వాళ్లన్నా వాడుతున్నారు.

చేతికొచ్చింది జారిపోవడం దొనకొండకి కొత్త కాదు. మీటర్ గేజ్ రోజుల్లో ఇక్కడ రైలింజన్లు నిలిపే లోకోషెడ్ ఉండేది. రైల్వే జీతాల మీద బజారంతా నడిచేది. బొగ్గు ఇంజన్లతోపాటు షెడ్డూ పోయింది, ఆ కుటుంబాలూ బదిలీల మీద వెళ్లిపోయాయి. మళ్లీ 2014లో, రాష్ట్రం విడిపోగానే, రాజధాని దొనకొండేనని ఊదరగొట్టారు. ఎక్కడెక్కడి నుంచో కార్లేసుకొచ్చి, పొలం మొహం కూడా చూడకుండా ఎకరాలు బేరమాడారు. రాజధాని అమరావతికి వెళ్లింది. అప్పటి అగ్రిమెంట్ల గొడవలు కొన్ని ఇళ్లలో ఇంకా తెగలేదు. తర్వాత పారిశ్రామిక హబ్ అన్నారు. ఏ ప్రచారమైనా మొదలయ్యేది ‘రన్‌వే రెడీగా ఉంది’ అన్న మాటతోనే. ఆ రెడీగా ఉన్న రన్‌వే మీద ఖాళీ ట్రాక్టరు వెళ్తేనే ట్రాలీ ఎగిరెగిరి పడుతుంది.

మా ఊళ్లో చాలామందికి నచ్చకపోవచ్చు గానీ, ఇక్కడికి ప్రయాణికుల విమానం రావాలని నేను అడగడం లేదు. ఏళ్ల తరబడి మూతపడి 2015లో మళ్లీ తెరుచుకున్న కడపనే తీసుకోండి. 2017 ఏప్రిల్ 27న, చిన్న ఊళ్లకు రాయితీతో విమానాలు నడిపించే కేంద్రం వారి ఉడాన్ పథకం కింద ఎగిరిన తొలి విమానాల్లో కడప-హైదరాబాద్ ఒకటి. అది జిల్లా కేంద్రం, రాయితీ అండా దొరికింది. అలాంటి ఊళ్లకే సర్వీసులు నిలబెట్టుకోవడం కష్టంగా ఉంటే మండల కేంద్రం మాటేమిటి? ఉడాన్ మూడో విడత దాకా కేటాయించిన 774 రూట్లలో 403 అసలు మొదలే కాలేదని, మొదలైన 371లో మూడేళ్ల గడువు పూర్తిచేసినవి 112 మాత్రమేనని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2023లో చెప్పింది. మా పశ్చిమ ప్రకాశం జనం బతుకుతెరువుకి హైదరాబాద్, బెంగళూరు పోయేది రైల్లో, ఆర్టీసీ బస్సులో. వాళ్లని అడిగితే వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు కావాలంటారు, ఇంకో రెండు రైళ్లు ఆగాలంటారు.

అలాగని ఆ నేలని గాలికొదిలేయమని కాదు. పైలట్ శిక్షణ సంస్థల కోసం ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ 2022లో ఎంపిక చేసిన చోట్లలో కడప కూడా ఉంది. శిక్షణ ఇచ్చే చిన్న విమానానికి బోయింగ్‌కి కావలసినంత రన్‌వే అక్కర్లేదు, అద్దాల టెర్మినల్ అంతకన్నా అక్కర్లేదు. పొలాల్లో మందు చల్లే డ్రోన్లు నడపడం నేర్పడానికైతే ఉన్న నేల చదును చేసి ఒక షెడ్డు వేసినా చాలు. మిర్చికి మందు కొట్టి కళ్లు మండి ఇంటికొచ్చే కూలీలున్న ప్రాంతం మాది, ఆ పని నేర్చిన కుర్రాళ్లకు ఇక్కడే గిరాకీ ఉంటుంది. అదీ కుదరదంటే రాష్ట్రానికి అప్పగించమనండి, మార్కెట్ యార్డో గిడ్డంగో కట్టుకుంటాం.

ముందు జరగాల్సింది మాత్రం హద్దుల సర్వే. రెవెన్యూ వాళ్లు, అథారిటీ వాళ్లు కలిసి కొలిచి రాళ్లు పాతాలి. ఎంత విస్తీర్ణం, ఏయే సర్వే నంబర్లు, ఆక్రమణలుంటే ఎంతమేర అన్నది బోర్డు మీద రాయాలి. రన్‌వేని ఏం చేయదలచుకున్నారో, ఏమీ చేయదలచుకోకపోతే ఆ మాటే, కాగితం మీద పెట్టాలి. పెద్ద సభలేం అక్కర్లేదు. వచ్చే గ్రామసభలో తహసీల్దారు గారు ఆ కాగితం చదివితే, ‘ఎయిర్‌పోర్టు పక్కనే’ అంటూ ప్లాట్లు అమ్మజూపేవాళ్లకి మేమే సమాధానం చెప్పుకుంటాం.

- ఒక పాఠకుడు, దొనకొండ