ఆ తెల్లటి పొర పురుగుమందు కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో బ్లూబెర్రీల మీద వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. గుండెకు మంచిది, మెదడుకు మంచిది, పీచు ఉంటుంది అని రాశారు. కాదనను. నాకు షుగర్ వచ్చి తొమ్మిదేళ్లయింది. వంద గ్రాముల పండులో చక్కెర పది గ్రాముల దాకా ఉంటుంది కాబట్టి లెక్కగా తినమని మా డాక్టరు గారూ చెప్పారు. కానీ పండును ఇంటికి తెచ్చాక ఏం చేయాలో మీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు. నేను పప్పులో కాలేసింది సరిగ్గా అక్కడే.

మొదటిసారి డబ్బా తెరిచినప్పుడు పండ్ల మీద బూడిద చల్లినట్టు తెల్లటి పొర కనబడింది. పురుగుమందే అనుకుని హడలిపోయాను. ఉప్పునీళ్లలో అరగంట నానబెట్టి, ఒక్కో పండునూ గుడ్డతో నల్లగా నిగనిగలాడేదాకా తుడిచి, అదే డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టాను. మూడో రోజుకి సగం మెత్తబడ్డాయి, అడుగున ఉన్నవాటికి బూజు పట్టింది. అమ్మినవాళ్లను తిట్టుకున్నాను. తప్పు నాదేనని తర్వాత తెలిసింది.

ఆ తెల్లదనం పండు మీద సహజంగా ఏర్పడే మైనం. ద్రాక్ష మీదా ఉంటుంది. లోపలి తడి ఆరిపోకుండా, పండు త్వరగా కుళ్లకుండా కాపాడేది అదే. అది చెక్కుచెదరకుండా ఉంటే పండును ఎక్కువ చేతులు నలపలేదని అర్థం. అందుకే తేగానే కడగకూడదు. నలిగినవి ఏరేసి, మిగతావి పొడిగానే ఫ్రిజ్‌లో పెట్టి, తినబోయే ముందు కావలసినన్ని మాత్రం బాగా కడుక్కోవాలి. పురుగుమందు భయం ఉన్నవాళ్లు కడగడం మానొద్దు, కడిగే సమయం మార్చుకుంటే చాలు.

తొడిమ దగ్గర ఇంకా ఎర్రగా ఉన్నవి కొనకండి. నాలుగు రోజులు ఉంచితే పండుతాయని చూశాను. రంగు కాస్త ముదిరింది తప్ప పులుపు తగ్గలేదు. కోశాక ఈ పండుకు తీపి పెరగదు.

మా మనవరాలు ఒక పండును రెండుగా కోసి, "అమ్మమ్మా, లోపల నీలం లేదే!" అంది. నిజమే, లోపలంతా లేత ఆకుపచ్చ. మీరు అంతగా మెచ్చుకున్న ఆంథోసయానిన్లు, అంటే పండుకు ఆ నీలం రంగునిచ్చే పదార్థాలు, ఎక్కువగా ఉండేది తోలులోనే. అదే పిల్ల పొద్దున పాలలో వేసుకుని తినే ప్యాకెట్ మీద గుప్పెడు బ్లూబెర్రీల బొమ్మ ఉంది. వెనక్కి తిప్పి చదివాం. చక్కెర, నూనె, రంగు, ఫ్లేవర్. పండు పేరే లేదు! ఏడాదిగా బలానికని పెడుతున్నది ఇదా అని ఆ రోజంతా మనసు మనసులో లేదు. దయచేసి దీని మీద కూడా రాయండి.

ఉత్తరార్ధగోళంలో ఈ పండు ముమ్మరంగా కోతకొచ్చేది జూన్ నుంచి ఆగస్టు దాకా. ఆ తర్వాతి నెలల్లో పెరూ, చిలీ వైపు పంట వస్తుంది. తాజావి బాగా లేనప్పుడు నేను చక్కెర కలపని ఫ్రోజెన్ పండ్లు తీసుకుంటాను. గడ్డకట్టించినంత మాత్రాన పోషకాలు పెద్దగా పోవు.

తోటలో పెంచిన బ్లూబెర్రీ అమ్మకానికి వచ్చిందే 1916లో. అమెరికాలోని న్యూజెర్సీలో ఎలిజబెత్ వైట్ అనే ఆవిడ, ఫ్రెడరిక్ కోవిల్ అనే వృక్షశాస్త్రవేత్త కలిసి పండించారు. అంతకుముందు జనం తిన్నవి దాదాపు అన్నీ అడవి పొదల్లో ఏరుకొచ్చినవే. మా ఇంట్లో పెద్దవాళ్లెవరూ ఈ పండును ఎరగరు, ఎలా దాచాలో అడగడానికి నాకు మనిషి లేకపోయారు. నాలాంటి వాళ్లకు పత్రికే దిక్కు. ఈసారి బ్లూబెర్రీ గురించి రాసినప్పుడు ఏ జబ్బుకు మంచిదో చెప్పే జాబితా కాస్త తగ్గించి, ఎలా ఏరుకోవాలో, ఎప్పుడు కడగాలో అరకాలమ్ అయినా వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు