ఏ అకిర అన్నది కూడా చెప్పండి

సంపాదకుల వారికి నమస్కారాలు.

ఎలక్ట్రిక్ వాహనాల బ్యాటరీల గురించి గత వారం మీ పత్రిక విజ్ఞాన పేజీలో వచ్చిన వ్యాసాన్ని ఆసాంతం చదివాను. శ్రమపడి విషయం సేకరించి రాసిన వ్యాసమే. అయితే లిథియం అయాన్ బ్యాటరీకి వాడుకకు పనికొచ్చే రూపమిచ్చిన శాస్త్రవేత్తను మొదట ఒక్కసారి ‘అకిరా యోషినో’ అని పరిచయం చేసి, అక్కడి నుంచి చివరి దాకా ‘అకిరా’ అనే రాశారు. జపానులో ఎవరూ ఆయనను అలా ప్రస్తావించరు. పైగా ఆ ఒక్క పేరుతో ఆయనెవరో తెలిసే వీలు కూడా లేదు, ఎందుకంటే లోకం గుర్తు పెట్టుకోవలసిన అకిరలు చాలామంది ఉన్నారు. ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే.

2024 మార్చిలో ఒక సాయంత్రం మా మనవడు ఫోను పట్టుకుని వచ్చి, ‘తాతయ్యా, అకిరా చనిపోయాడంట’ అన్నాడు. వాడి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. నాకు గుండె జారినట్లయింది. ముప్పై ఏళ్లకు పైగా హైదరాబాదు శివార్లలోని మందుల కర్మాగారాల్లో రసాయన శాస్త్రజ్ఞుడిగా పనిచేసిన నాకు అకిర అంటే హొక్కైదో విశ్వవిద్యాలయం ఆచార్యుడు సుజుకి అకిర. వాడు చెప్పింది ఆయన గురించి కాదు. ‘డ్రాగన్ బాల్’ బొమ్మల కథను 1984 నుంచి 1995 దాకా వారం వారం గీసిన తొరియమ అకిర మార్చి 1న, 68 ఏళ్ల వయసులో కన్నుమూసిన వార్త అది. అదే ఏడాది జూన్ 5న మరో అకిర, 90 ఏళ్ల ఎందో అకిర కూడా వెళ్లిపోయారు. రోజూ రాత్రి భోజనమయ్యాక నేను వేసుకునే కొలెస్టరాల్ మాత్రకు మూలపురుషుడు ఆయన. ఆ వార్త తెలుగులో నా కంటపడలేదు; కొన్ని వారాలు గడిచాక ఒక ఇంగ్లిషు పత్రికలో చదివి తెలుసుకున్నాను. ‘అకిరా మృతి’ అని ఆ రోజు మీరు శీర్షిక పెట్టి ఉన్నా, మా మనవడు మూడు నెలల కిందటి పాత వార్తనే మళ్లీ వేశారనుకునేవాడు.

అకిర అన్నది జపానులో మగపిల్లలకు పెట్టే పేరు. ఆడవారిలో అరుదుగా కనిపిస్తుంది. నోటితో పలికితే ఒకటే పేరు గాని, రాయబోతే దానికి పదుల కొద్దీ రాతలున్నాయి. ‘రషోమొన్’ తీసి 1951లో వెనిస్ చిత్రోత్సవంలో స్వర్ణ సింహం గెలిచిన కురొసవ అకిర తన పేరును సూర్యుడి గుర్తు, దాని పక్కన చంద్రుడి గుర్తు చేర్చిన అక్షరంతో రాసుకునేవారు. వెలుగు అని దాని అర్థం. తొరియమ పేరుకూ అదే అక్షరం. సుజుకి, ఎందో ఇద్దరి పేర్లలో ఉన్నది వేరే అక్షరం; అధ్యాయమనీ చిహ్నమనీ దానికి అర్థాలున్నాయి. ఆ అక్షరానికే కుడిపక్కన మూడు ఏటవాలు గీతలు చేరిస్తే యొషినొ పేరవుతుంది. 1954లో గాడ్జిల్లా చిత్రానికి సంగీతం కూర్చిన ఇఫుకుబె అకిర పేరులోనిది నాలుగో అక్షరం. జపాను చక్రవర్తి హిరొహితొ పాలనాకాలానికి పెట్టిన షోవ యుగం అన్న పేరులో మొదట వచ్చేది అదే. తోలు చేతితొడుగుకు పైన్ చెట్టు బంక రాసి, వయొలిన్ జాతికి చెందిన పెద్ద వాద్యం కాంట్రాబాస్ వదులు చేసిన తీగ మీద రుద్దించి ఆ మృగం అరుపును పుట్టించిన మనిషి ఆయన. అడవుల శాస్త్రం చదువుకున్నవాడు.

కాబట్టి ఒక జపానీయుడికి కాగితం మీద ఆ అక్షరం కనిపిస్తే మనిషి ఎవరో కొంత పోలిక దొరుకుతుంది, కాని పేరు ఎలా పలకాలో ఒక్కోసారి అడిగి తెలుసుకోవలసి వస్తుంది. అక్కడి కుటుంబ నమోదు పత్రాల్లో పేరు పలికే తీరును కూడా చేర్చాలన్న చట్ట సవరణ 2025 మే 26న అమలులోకి వచ్చింది. మన ఇబ్బంది దానికి తలకిందులుగా ఉంటుంది. మనకు అందేది పలుకు ఒక్కటే, అక్షరం అందదు. అందుచేత ఆ పలుకునైనా సరిగా పట్టుకోవడం, ఇంటిపేరుతో కలిపి చెప్పడం మనకు తప్పనిసరి.

ముందు ఇంటిపేరు సంగతి చెబుతాను. జపానులో ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తరవాత వస్తాయి. తెలుగువారికి దీన్ని వివరించి చెప్పనక్కరలేదు. శ్రీరంగం శ్రీనివాసరావు, నందమూరి తారక రామారావు అని రాసే మనకు కురొసవ అకిర, సుజుకి అకిర అన్న వరుస పుట్టుకతో వచ్చినంత సహజంగా ఉండాలి. ఇంగ్లిషు వార్తా సంస్థలు తమ అలవాటు కొద్దీ దాన్ని తిప్పి రాశాయి. మనం ఆ తిప్పిన రూపాన్ని తెలుగులోకి ఎత్తి రాసుకుంటున్నాం. ఇంటిపేరు ముందుండే రెండు భాషల మధ్య ఈ తలకిందుల వరుస ఎందుకు రావాలో నాకు అర్థం కాదు. జపాను ప్రభుత్వమే 2020 జనవరి 1 నుంచి తన ఇంగ్లిషు పత్రాల్లో సైతం ఇంటిపేరును ముందు రాయడం మొదలుపెట్టింది.

వరుస ఒకటే అయినా పిలుపులో మాత్రం మనకూ వాళ్లకూ తేడా ఉంది. మనం శ్రీనివాసరావు గారు అంటాం, ఇంటిపేరుతో పిలవడం తక్కువ. వాళ్లు సుజుకి సన్ అంటారు; సన్ అంటే మన గారు లాంటిది. పెట్టిన పేరుతో పిలిచేది ఇంట్లోవాళ్లు, చిన్ననాటి స్నేహితులు. మా అమ్మాయీ అల్లుడూ టోక్యోలో ఉద్యోగాలు చేస్తున్నారు. వెళ్లిన కొత్తలో మా అల్లుడు తన పై అధికారిని పెట్టిన పేరుతో పిలిస్తే గదిలో ఒక్క క్షణం అందరూ మౌనమైపోయారట. ఆయన ఏమీ అనలేదు. సాయంత్రం పక్క బల్ల ఆవిడ మెల్లగా విషయం చెప్పిందట. ఇప్పుడు మా అల్లుణ్ణి కూడా ఆఫీసులో అందరూ మా వియ్యంకుల ఇంటిపేరు పెట్టి, సన్ చేర్చి పిలుస్తారు. మన వార్తల్లో ‘అకిరా చెప్పారు’ అని చదివినప్పుడల్లా ఆ మౌనం నాకు గుర్తొస్తుంది.

అయితే ఇంటిపేరు ఒక్కటీ చాలదు. సతో తరవాత జపానులో ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు సుజుకి. మా ప్రయోగశాలలో సుజుకి చర్య చేయని వారం ఉండేది కాదు. తెల్లని బోరోనిక్ ఆమ్లం పొడి, బ్రోమిన్ ఉన్న మరో పదార్థం, క్షారం, చిటికెడు పల్లేడియం ఉత్ప్రేరకం ఫ్లాస్కులో వేసి, నైట్రోజన్ పంపి వేడి చేసేవాళ్లం. నైట్రోజన్ సరిగా పంపకుండా గాలి చొరబడితే ద్రావణం నల్లబడి పల్లేడియం మసిలా అడుగుకు చేరేది. ఆ రోజు పనీ, ఖరీదైన పల్లేడియమూ రెండూ పోయినట్టే. సరిగా జరిగితే చర్య ఎంతవరకు వచ్చిందో చూడడానికి గంట గంటకూ తీసిన టీఎల్‌సీ అనే పరీక్ష ప్లేటు మీద, అతినీల లోహిత దీపం కింద, పాత మచ్చ సన్నగిల్లుతూ కొత్త మచ్చ చిక్కబడుతూ కనిపించేది. రెండు కార్బన్ వలయాలను ఇంత తేలికగా అతికించే ఈ మార్గానికి మూలమైన చర్యను సుజుకి తన సహచరుడు మియవురతో కలిసి 1979లో ప్రకటించారు. 2010లో హెక్, నెగిషి గార్లతో పాటు రసాయన శాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. లోసార్టాన్ వంటి రక్తపోటు మందుల తయారీలో పరిశ్రమలు ఈ చర్యను వాడుకున్నాయి. ఆయన దానిపై పేటెంటు తీసుకోలేదు, కాబట్టి ఎవరైనా చేసుకోగలిగారు. ఒకసారి కొత్తగా చేరిన కుర్రవాడు, రసాయన శాస్త్రంలో ఎమ్మెస్సీ పాసైనవాడు, ‘సార్, ఈయన మోటారు కంపెనీ ఆయనేనా?’ అని అడిగాడు. తప్పు వాడిది కాదు. చదువుకున్న అయిదేళ్లలో ఏ పుస్తకమూ వాడికి ఆ మనిషి నిండు పేరు చెప్పలేదు.

ఎందో అకిర గురించి నాలుగు వాక్యాలు ఎక్కువ రాయడానికి అనుమతించండి. ఆయనది ఉత్తర జపానులోని అకిత ప్రాంతంలో ఒక రైతు కుటుంబం. చిన్ననాడే పుట్టగొడుగుల మీదా బూజుల మీదా ఆసక్తి పుట్టింది. ఒక మందుల కంపెనీలో ఉద్యోగం చేస్తూ, కొలెస్టరాల్ తయారీని అడ్డుకునే పదార్థం ఏదో ఒక బూజులో ఉండి తీరుతుందన్న నమ్మకంతో 1971 నుంచి రెండేళ్లలో 6,000కు పైగా సూక్ష్మజీవులను ఒక్కొక్కటిగా పరీక్షించారు. ఫలితం చూపిన బూజు క్యోతొ నగరంలో ఒక బియ్యం కొట్టులోని బియ్యం మీద దొరికింది. దాని నుంచి 1973లో వేరుచేసిన పదార్థమే కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మందులకు ఆది. ఎలుకల మీద అది పనిచేయలేదు. అక్కడే ఆగిపోకుండా గుడ్లు పెట్టే కోళ్లకు పెట్టి చూస్తే వాటి రక్తంలో కొలెస్టరాల్ తగ్గింది. ఈ తరహా మందుల్లో మొదటిది 1987లో అమెరికా మార్కెట్లోకి వచ్చింది, అదీ వేరొక కంపెనీ నుంచి. ఆయనకు 2008లో వైద్య పరిశోధనకు ఇచ్చే లాస్కర్ బహుమతి వచ్చింది, నోబెల్ రాలేదు. మన ఊళ్లలో గుండె జబ్బు మనిషి ఉన్న ఏ ఇంట్లో చూసినా ఈయన పరిశోధన ఫలం ఒక మాత్రల అట్ట రూపంలో కనిపిస్తుంది. అటువంటి మనిషి పేరు తెలుగులో ఒక్కసారైనా సరిగా అచ్చు కావాలని కోరుకోవడం అత్యాశ కాదనుకుంటాను.

ఇక పలుకు. ‘అకిర’లో మూడు అచ్చులూ హ్రస్వాలే. ఇంగ్లిషు రాతలో చివర కనిపించే అక్షరాన్ని చూసి మనం దానికి దీర్ఘం తగిలించాం. ఇంగ్లిషు లిపికి హ్రస్వ దీర్ఘాల తేడా చూపే ఏర్పాటు లేదు. హిందీకి కూడా ఎ-ఏ, ఒ-ఓ అన్న జంటలు లేవు. తెలుగుకు ఉన్నాయి, జపనీసుకు ఆ తేడా ప్రాణం. ఒనొ ఒక ఇంటిపేరు, ఓనొ వేరొక ఇంటిపేరు. యుకి తరచుగా ఆడపిల్ల పేరు, యూకి తరచుగా మగపిల్లవాడి పేరు. ఇంగ్లిషులో ఇవన్నీ కలిసిపోతాయి. మన అక్షరాల్లో దేనికది విడిగా నిలుస్తుంది. యొషినొ పుట్టిన సుయిత పట్టణం ఉన్నది ఓసకలో. దాన్ని మనం ‘ఒసాకా’ అని రాస్తున్నాం, అంటే దీర్ఘం ఉన్నచోట తీసేసి లేని రెండు చోట్ల పెట్టాం. అలాగే వాళ్ల త, ద మన త, ద లకు దగ్గర, ట, డ లకు కాదు. అందుకే ఎండో అనకుండా ఎందో అని రాశాను. ‘సుజుకి’లోని జకారమైతే మన దంత్య జకారమే, జాబు, జోరు అన్నప్పుడు మన నోట పలికేది. మాటలన్నీ అచ్చుతోనో, నకారంతోనో ముగిసే ఆ భాషను రాయడానికి అజంత భాష, అంటే మాటలు అచ్చుతో ముగిసే భాష, అయిన తెలుగు లిపి ఇంత చక్కగా సిద్ధంగా ఉండగా, ఆ చక్కదనాన్ని ఇంగ్లిషు కోసం వదులుకుంటున్నామన్నదే నా బాధ.

టోక్యో, టయోటా, కరాటే వంటివి మన నోట స్థిరపడిపోయాయి. వాటిని కదిలించమని నేను కోరడం లేదు. కురోసావా అన్న రూపానికి అలవాటుపడిన సినిమా అభిమానులు కురొసవ అంటే మొదట కొంత తడబడతారని కూడా తెలుసు. నేను అడిగేది మనుషుల పేర్ల గురించి, అదీ ఇకముందు రాయబోయే వాటి గురించి. మొదటిసారి ఇంటిపేరు, పెట్టిన పేరు ఆ వరుసలో వేసి, ఆయన చేసే పనేమిటో ఒక మాట చేర్చండి. తరవాత ఇంటిపేరుతో ప్రస్తావించండి. అచ్చులు హ్రస్వమో దీర్ఘమో జపనీసు తెలిసిన వారిని అడిగి రాయండి. హైదరాబాదులోనే ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీలో ఆ భాష నేర్పుతున్నారు. ఒక్క ఫోను కాల్‌తో తీరే సందేహాలు ఇవి.

ఏటా అక్టోబరు ప్రథమార్ధంలో నోబెల్ ప్రకటనలు వస్తాయి, ఆ రాత్రి మీ డెస్కు మీద సమయం ఎంత తక్కువగా ఉంటుందో ఊహించగలను. అందుకని సైన్సు, సినిమా, క్రీడా రంగాల్లో తరచుగా వినపడే జపాను పేర్లను ఇంటిపేరు ముందు ఉంచి, తెలుగు అక్షరాల్లో రాసి, మా అమ్మాయి ద్వారా అక్కడి వారికి చదివి వినిపించి సరిచూయించి, ఒక పట్టిక తయారు చేస్తున్నాను. ఇప్పటికి మూడు పేజీలు అయింది. మీరు సరేనంటే సెప్టెంబరు లోపల మీ కార్యాలయానికి తెచ్చి ఇస్తాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఔషధ పరిశ్రమ ఉద్యోగి,
హైదరాబాదు