కల్లు డిపోకు సీలు సరే, తాగేవాళ్ల సంగతి?

అయ్యా,

కల్తీ కల్లుపై ఎక్సైజ్ దాడులు జరిగినప్పుడల్లా ఎన్ని లీటర్లు పారబోశారో, ఎందరిపై కేసు పెట్టారో వార్త వస్తుంది. ఆ డిపోలో ఏళ్ల తరబడి తాగినవాళ్లకు ఒకటి రెండు రోజుల తర్వాత ఏమవుతుందో మాత్రం ఎవరికీ పట్టదు. 2015 సెప్టెంబరులో నిజామాబాద్, మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాల్లో దాడులు ముమ్మరం కాగానే జనం వణుకుతూ, ఫిట్స్‌తో, పిచ్చిపిచ్చిగా మాట్లాడుతూ ఆసుపత్రుల ముందు బారులు తీరారు. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి ప్రాణాలే పోయాయి. ఇన్నేళ్లలో మనం నేర్చుకున్నది తక్కువే.

కల్లులో కలిపే అల్ప్రాజోలం నిజానికి మంచి మందే. 1981లో అమెరికాలో జానాక్స్ పేరుతో అమ్మకానికి వచ్చింది. తీవ్రమైన ఆందోళనకు, పానిక్ అటాక్‌లకు డాక్టర్లు కొద్ది వారాల పాటు రాస్తారు. మత్తు, నిద్ర కలిగించే డైజోఫాం అనే మందు కుటుంబానిదే, కాకపోతే దాని అణువుకు ట్రయజోల్ అనే వలయం అదనంగా అతుక్కుని ఉంటుంది. అతి చిన్న డోసులోనే పనిచేస్తుంది. మామూలు మాత్రలో ఉండేది 0.25 మిల్లీగ్రాములు. అంటే ఒక్క గ్రాము పొడి 4,000 మాత్రలతో సమానం! పైగా అది నీళ్లలో సరిగా కరగని తెల్లటి పొడి. చేతి అంచనాతో కలిపితే ఒక సీసాలో పడిన దానికి పదింతలు పక్క సీసాలో పడినా కంటికి తెలియదు. కల్లులోని ఆల్కహాల్ కూడా తోడైతే శ్వాసే మందగిస్తుంది.

మెదడులో గాబా అనే రసాయనం బ్రేకులా పనిచేస్తుంది. అల్ప్రాజోలం ఆ బ్రేకును ఇంకాస్త గట్టిగా నొక్కుతుంది. రోజూ ఇదే జరిగితే మెదడు దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. ఉన్నట్టుండి పొడి ఆగిపోతే నిద్ర ఉండదు, చెమటలు, వణుకు, లేనివి కనిపించడం, చివరకు ఫిట్స్.

నేను ప్రభుత్వాసుపత్రిలో ఫార్మసిస్టుగా ఉన్నప్పుడు ఒక బీడీ కార్మికురాలిని తీసుకొచ్చారు. నాలుక తెగి రక్తం కారుతోంది. మళ్లీ కొరుక్కుంటుందని కొడుకు కొంగు ఆమె నోట్లో కుక్కి పట్టుకున్నాడు (అలా చేయకూడదు, ఊపిరాడదు). ఏం మందులు వాడుతోందని డాక్టరుగారు అడిగితే, "గోలీలు ఏం ఏసుకోదు సారూ, పొద్దుమీకి కల్లు తాగుతది, గంతే" అన్నాడు. తాను మత్తుమందుకు అలవాటు పడ్డానని తెలియని మనిషి, అది మానేయాలని మాత్రం ఎలా అనుకుంటుంది?

అమ్మేవాడి విషయంలో చట్టం గట్టిగానే ఉంది. మత్తుమందులపై ఉన్న ఎన్డీపీఎస్ చట్టం కింద గంజాయి 20 కిలోలు దొరికితే వాణిజ్య పరిమాణం (అంటే కఠిన శిక్ష పడే మోతాదు), అల్ప్రాజోలానికైతే 100 గ్రాములే చాలు. మెడికల్ షాపులో అమ్మాలంటే షెడ్యూల్ హెచ్1 (గట్టి నియంత్రణ ఉన్న మందుల జాబితా) కింద డాక్టరు చీటీ ఉండాలి, రిజిస్టరులో రాయాలి. ఇదంతా అవసరమే. గీత కార్మికులను తిట్టడం నా ఉద్దేశం కాదు, చెట్టు నుంచి దింపిన కల్లులో ఈ పొడి ఉండదు. చెట్లు తక్కువ, గిరాకీ ఎక్కువ అయిన చోటే దీని వ్యాపారం.

నేను అడిగేది ఒక్కటే. డిపోకు సీలు వేసే రోజే జిల్లా వైద్యాధికారికి సమాచారం వెళ్లాలి. ఆ చుట్టుపక్కల పీహెచ్‌సీల్లో, ఏరియా ఆసుపత్రిలో డైజోఫాం సిద్ధంగా ఉంచాలి. అది శరీరంలో ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి, డాక్టరు పర్యవేక్షణలో డోసు మెల్లమెల్లగా తగ్గిస్తూ మాన్పించవచ్చు. వణుకు మొదలైతే భూతవైద్యుడి దగ్గరికి కాకుండా ఆసుపత్రికి రమ్మని ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి చెప్పాలి. కల్లు నమూనాల ల్యాబ్ రిపోర్టు కోర్టుతో పాటు ఆసుపత్రికీ వెంటనే చేరాలి. ఎందుకంటే మత్తు ఎక్కువై పడిపోయిన వాళ్లకు ఫ్లుమాజెనిల్ అనే విరుగుడు ఉంది గానీ, దీర్ఘకాలం అలవాటు పడిన వాళ్లకు అదే ఫిట్స్ తెప్పించవచ్చు. లోపల ఏముందో తెలియకుండా డ్యూటీ డాక్టరు ఏం నిర్ణయం తీసుకోగలడు?

- ఒక రిటైర్డ్ ఫార్మసిస్టు, కామారెడ్డి